హబ్సిగూడ ఎక్కడి దాకా?

పదకొండు దాటింది, నిద్ర పట్టడం లేదు. కారణం వింటే నవ్వుతారు. అపార్ట్‌మెంట్ బోర్డు.

హైదరాబాద్ నాచారంలో మా అపార్ట్‌మెంట్‌కి రంగులు వేయిస్తున్నారు, ఆ ఊపులో గేటుకు కొత్త బోర్డు కూడా చేయిస్తున్నారు. దాని మీద "నాచారం" తీసేసి "హబ్సిగూడ" అని రాయిద్దామట. ట్రెజరర్ గారి ఐడియా. గ్రూపులో అలా పెట్టారో లేదో, బొటనవేళ్లు వరసగా లేచాయి. "పక్కనే కదండీ, మెట్రో ఎక్కేది కూడా అక్కడే" అని ఒకావిడ. ఆ లెక్కన మా ఆయన రోజూ దిగేది రాయదుర్గంలో, ఆ పేరే రాయించుకుందాం మరి! మన పిన్‌కోడ్ 500076, హబ్సిగూడది 500007. కొరియర్ అబ్బాయి ఆ చౌరస్తాలో నిలబడి "మేడమ్, ఎక్కడికి రావాలి?" అని ఫోన్ చేస్తే ట్రెజరర్ గారు ఎత్తరు. నేనే ఎత్తాలి, పొయ్యి మీద పోపు మాడుతుంటే.

అయినా నాచారానికేం తక్కువ? ఎన్టీఆర్ స్టూడియో ఉంది, ఈఎస్ఐ ఆస్పత్రి ఉంది. ఫ్యాక్టరీలున్నాయనే కదా ఈ చిన్నచూపు.

మా తాతయ్యకైతే హద్దులన్నీ ఆర్టీసీ స్టేజీలే. స్టేజి దాటితే టికెట్ పెరుగుతుంది కాబట్టి, ఒక స్టాపు ముందే నన్ను దింపేసేవారు. "ఇక్కడితో తార్నాక అయిపోయింది, దిగు." దిగి చూస్తే అటూ ఇటూ అవే కొట్లు, అదే దుమ్ము. నేల మీద గీతేమన్నా గీశారేమోనని వెతికేదాన్ని. మిగిలిన చిల్లర జేబులో గలగలలాడిస్తూ మిట్టమధ్యాహ్నం ఎండలో నడిపించేవారు, పైగా నాకు సోడా కూడా కొనిపెట్టేవారు. ఆ సోడాతో చిల్లర సరి. ఈ లెక్క అమ్మమ్మ ఎన్నిసార్లు ఎత్తి చూపినా ఆయన ఒప్పుకోలేదు. అమ్మమ్మ హద్దులు వేరు. తను నడవగలిగినంత మేరే తార్నాక. మోకాళ్ల నొప్పులు ముదిరే కొద్దీ తార్నాక చిన్నదైపోయింది. చివరికి సందు మొదట్లో కూరగాయల బండి దాటితే చాలు, "అంత దూరం లాలాపేట నేను పోలేనమ్మా" అనేది.

ఇది రాస్తుంటే నా పట్టుదల కాస్త సడలుతోంది. ఓటరు కాగితాల్లో చూస్తే మాది నాచారమూ కాదు, హబ్సిగూడా కాదు. ఓటు ఉప్పల్లో, ఎంపీ మల్కాజిగిరికి. అటు జూబ్లీహిల్స్ వాళ్లు ఓటేసేది సికింద్రాబాద్ ఎంపీకి! 1806లో నిజాం సికందర్ జా పేరు పెట్టినప్పుడు సికింద్రాబాద్ హుస్సేన్ సాగర్‌కి అవతలి సైనిక శిబిరం. ఎన్‌జీఆర్‌ఐ అనేది ఒక పరిశోధన సంస్థ, ఇప్పుడు మెట్రో స్టేషన్ పేరు కూడా. రేపు అక్కడి పిల్లలు "మాది ఎన్‌జీఆర్‌ఐ" అంటే కాదనేదెవరు? పేర్లు కదులుతూనే ఉంటాయి, ట్రెజరర్ గారొక్కరే చేసిన నేరమేం కాదు.

కాకపోతే అవి ఎప్పుడూ రేటెక్కువ ఉన్న వైపు నుంచే పాకుతాయి. హబ్సిగూడలో ఫ్లాటున్నవాడు పొరపాటున కూడా నాచారం అని రాసుకోడు. నాకు మండేది అక్కడే. ఇప్పటికే మా వెనక సందులో టు-లెట్ బోర్డు మీద "హబ్సిగూడ ఎక్స్‌టెన్షన్" అని వేలాడుతోంది. అద్దె కూడా ఎక్స్‌టెన్షనే.

గోడల రంగు మాత్రం బాగా కుదిరింది, లేత పసుపు.

ఆదివారం మీటింగ్. "అమ్ముకునేటప్పుడు పనికొస్తుంది, ఊరుకో" అంటున్నారు ఈయన. నేను మాత్రం నాచారానికే చెయ్యెత్తుతా. ఓడిపోతే, పిన్‌కోడ్ అయినా పెద్దంకెల్లో రాయించమంటాను.