నైసియా నీటి ఒడ్డున

ఇస్తాంబుల్ నుంచి పడవలో యలోవాకి, అక్కడి నుంచి బస్సులో ఆలివ్ తోటల మీదుగా ఇజ్నిక్ చేరేసరికి మధ్యాహ్నమైంది. ఒకప్పటి నైసియా ఇదే. పట్టుబట్టి మా చర్చి అయ్యగారిని ఇక్కడికి తీసుకొచ్చింది నేనే. చిన్నప్పుడు గుడిలో అమ్మ పక్కన నిలబడి అర్థం తెలియకుండా గడగడా అప్పజెప్పిన నైసియా విశ్వాస ప్రమాణం పుట్టింది ఈ ఊళ్లోనే.

సరస్సు ఒడ్డుకి కాస్త దూరంలో పాత చర్చి పునాదులున్నాయి. 2014లో పైనుంచి తీసిన ఫోటోల్లో బయటపడ్డాయి. విల్లులా వంగిన గోడ, రాళ్ల మీద పచ్చటి నాచు. "ఇంతేనా అయ్యగారూ, గోడలేనా?" అంది మాతో వచ్చిన ఓ అత్తమ్మ.

ఆ ప్రమాణాన్ని రాసిన బిషప్పుల సభ జరిగింది ఈ చర్చిలో కాదు, చక్రవర్తి భవనంలో. అలెగ్జాండ్రియా సంఘ పెద్ద అరియస్, కుమారుడు, అంటే క్రీస్తు, కూడా సృష్టించబడినవాడేననీ, ఆయన లేని కాలం ఒకటుందనీ బోధించాడు. దేవుడు ఒక్కడే అన్న సత్యానికి మచ్చ రాకూడదన్నది అతని ఆరాటం. అందుకే చాలామంది అటు మొగ్గారు. అక్కడి బిషప్ అలెగ్జాండర్ ఒప్పుకోలేదు. గొడవ ముదిరి, క్రీ.శ. 325లో రోమన్ చక్రవర్తి కాన్‌స్టాంటైన్ బిషప్పులందరినీ ఇక్కడికి పిలిపించాడు. వచ్చినవాళ్లు 318 మంది అని సంప్రదాయం.

వాళ్లలో నియోకైసరియా బిషప్ పౌలు ఒకడు. అంతకుముందు తూర్పు భాగాన్ని ఏలిన చక్రవర్తి లిసినియస్ పెట్టిన హింసలో ఎర్రగా కాల్చిన ఇనుముతో వాతలు పెట్టడం వల్ల ఆయన రెండు చేతులూ చచ్చుబడిపోయాయని సంఘ చరిత్ర రాసిన థియోడరెట్ చెప్పాడు. నా మనసు ఆ చేతుల దగ్గరే ఆగిపోయింది. అంత బాధ పడ్డ మనిషికి, తాను ఎవరి కోసం పడ్డాడన్నది ఉత్త మాటల తగాదా ఎలా అవుతుంది?

తండ్రీ కుమారులది ఒకే తత్వం అని చెప్పడానికి సభ "హోమోఊసియోస్" అనే గ్రీకు మాట ఎంచుకుంది. బైబిల్లో లేని మాట కాబట్టి కొందరు వెనకాడారు. తగాదా అక్కడితో తీరనూ లేదు. సృష్టించబడినవాడు సృష్టిని రక్షించలేడని వాదించిన అలెగ్జాండ్రియా బిషప్ అతనాసియస్‌ని ఐదుసార్లు దేశాంతరం పంపారు. 381లో కాన్‌స్టాంటినోపుల్ సభ ఈ విశ్వాసాన్నే మళ్లీ స్థిరపరిచింది.

అయ్యగారు మొదలుపెట్టగానే అందరం నీళ్ల వైపు తిరిగి ప్రమాణం చెప్పాం. "మన కొరకును, మన రక్షణ కొరకును" దగ్గరికొచ్చేసరికి నా గొంతు పూడుకుపోయింది. మిగతాది అత్తమ్మ అందుకుంది.