మృతుల సంఖ్య కుదిరినంత మాత్రాన మోడల్ సరైనట్టు కాదు

డ్యామ్ తెగితే ఎంతమంది చనిపోతారో అంచనా వేసే కంప్యూటర్ మోడల్‌ను పరీక్షించడానికి మాల్పాసే మంచి ఉదాహరణ. ఫ్రాన్స్‌లో రేరాన్ నది మీద కట్టిన ఆ ఆర్చ్ డ్యామ్ 1959 డిసెంబరు 2 రాత్రి 9 దాటాక ఒక్కసారిగా పగిలింది. దాదాపు ఇరవై నిమిషాల్లో నీళ్లు ఫ్రెజూస్ పట్టణం చేరాయి. 420 మందికి పైగా చనిపోయారు.

మోడల్ నడిపితే ఆ సంఖ్యే వచ్చిందనుకోండి. దయచేసి అక్కడ ఆగొద్దు. నీళ్లు ఆలస్యంగా చేరినట్టూ, ఇళ్లు మాత్రం తొందరగా కూలినట్టూ లెక్క తప్పినా, రెండు తప్పులూ ఒకదాన్నొకటి కొట్టేసుకుని మొత్తం సరిగ్గానే కనిపిస్తుంది.

అందుకే ముందు మనుషుల లెక్క పక్కన పెట్టి నీటిని సరిచూడాలి. వరద దారిలో ఉన్న మూడు ట్రాన్స్‌ఫార్మర్లు నీళ్లు తగిలి ఆగిపోయిన సమయాలు మనకున్నాయి: డ్యామ్ తెగాక 100, 1240, 1420 సెకన్లు. తెగిన క్షణం కచ్చితంగా చెప్పలేం కాబట్టి మధ్య తేడాలతో, అంటే 1140, 180 సెకన్లతో పోల్చడం మేలు. పోలీసులు సర్వే చేసిన 17 చోట్ల వరద గుర్తులు కూడా ఉన్నాయి.

తర్వాత ఇళ్లు. రెస్క్‌డ్యామ్ (డ్యామ్ ప్రమాదాలపై యూరప్‌లో జరిగిన పరిశోధన ప్రాజెక్టు) ప్రమాణం ప్రకారం ఇటుక గోడల ఇంటి దగ్గర వేగం సెకనుకు 2 మీటర్లు దాటి, లోతు, వేగాల లబ్ధం 3 చేరితే పాక్షిక నష్టం, 7 చేరితే ఇల్లు పోయినట్టే. ఎక్కువగా పొరపాటు జరిగేది ఇక్కడే. ఒక ఇంటి దగ్గర 8వ నిమిషంలో వేగం 4, లోతు 1. 20వ నిమిషంలో లోతు 3, వేగం 1 అనుకుందాం. గరిష్ఠాలు రెండూ తీసుకుని గుణిస్తే 12, ఇల్లు కూలినట్టు. నిజానికి ఏ క్షణంలోనూ 4 దాటలేదు. ప్రతి టైమ్ స్టెప్‌లో, అంటే మోడల్ లెక్క కట్టే ప్రతి చిన్న కాల విరామంలో, గుణించాకే గరిష్ఠం తీయాలి. ఫలితాల్ని పది నిమిషాలకోసారి సేవ్ చేస్తే ఫ్రెజూస్‌కు నీళ్లు చేరేలోపు దక్కేవి రెండే ఫ్రేములు. 30 సెకన్లకోసారి సేవ్ చేయండి.

మాల్పాసేలో హెచ్చరికే లేదు, కాబట్టి మోడల్‌లోని హెచ్చరిక భాగానికి అక్కడ పరీక్షే జరగదు. దానికి అమెరికాలోని టీటన్ డ్యామ్ కావాలి. 1976 జూన్ 5న ఉదయం పదిన్నర దాటాక షెరిఫ్‌లకు (స్థానిక పోలీసు అధికారులకు) కబురందింది, 11.57కు డ్యామ్ తెగింది, 11 మంది చనిపోయారు. రెండు చోట్లా ఒకే సెట్టింగులు ఉండాలి. మధ్యలో మార్చారంటే అది పరీక్ష కాదు. టీటన్‌నే అర్ధరాత్రి తెగినట్టు మళ్లీ నడపండి. మృతులు పెరగకపోతే నిద్ర, కబురు అందడంలో ఆలస్యం మోడల్‌లో సరిగా లేవన్నమాట.

మన దగ్గర నడిపేటప్పుడు జనాభా పట్టిక దగ్గర జాగ్రత్త. చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగిన 2021 నవంబరు 19 కార్తీక పౌర్ణమి. అలాంటి తెల్లవారుజామున జనం స్నానాలకు, దీపాలకు ఏటి గట్టు మీద ఉంటారు. జనగణన లెక్కలో మాత్రం అందరూ ఇళ్లలోనే. పండగ తెల్లవారుజాముకు వేరే పట్టిక కట్టి మళ్లీ నడపాలి.