ఉత్తరాలు చేతికొచ్చాయి, మాటలు రాలేదు: ఒక జీవితచరిత్రకు అనుమతి తెచ్చుకున్న నా అనుభవం

నిన్న సాయంత్రం సంతకాల కాగితం వచ్చింది. పుస్తకం రాయడానికి మూడేళ్లు పట్టింది సరే, అందులో కొన్ని వాక్యాలు వాడుకోవడానికి ఒప్పుకోలు తెచ్చుకునేసరికి ఇంకో 14 నెలలు పోయాయి. చిరాకు ఇంకా తగ్గలేదు కాబట్టి ఇప్పుడే రాసేస్తున్నాను, తగ్గాక రాస్తే అందరినీ మంచివాళ్లను చేసేస్తాను.

నేను రాసింది, చనిపోయి ముప్ఫై ఏళ్లు దాటిన ఒక కథారచయిత జీవితం. పేరు చెప్పను. ఆయన ప్రాణస్నేహితుడి ఇంట్లో 46 ఉత్తరాలు ఉన్నాయని తెలిసి వెళ్తే, ఆ ఇంటివాళ్లు మొదటిరోజే కట్ట మొత్తం చేతిలో పెట్టారు. లైబ్రరీల్లో పాత పత్రికల పని కూడా సాఫీగానే జరిగిపోయింది.

పబ్లిషర్ తరఫు లాయరు దగ్గర బండి ఆగింది. "ఈ ఉత్తరాల మీద హక్కు ఎవరిదండీ?" అన్నాడు. ఇచ్చినవాళ్లదే కదా అన్నాను, చాలా ధీమాగా. కాదట. కాగితం అందుకున్నవాళ్లది, అందులో మాటలు రాసినవాళ్లవి, రాసినవాళ్లు పోతే వారసులవి. అచ్చయిన పుస్తకాలకైతే భారత్‌లో రచయిత పోయాక 60 ఏళ్లు ఈ హక్కు ఉంటుంది, యూరోపియన్ యూనియన్‌లో 70 అని ఒక లెక్క ఉంది. అచ్చవని ఉత్తరాలకు కొన్నిచోట్ల అవి అచ్చయిన ఏడాది నుంచి గానీ లెక్కే మొదలు కాదు! సిగ్గుచేటు ఏమిటంటే, అమెరికన్ రచయిత సాలింజర్ తన జీవితచరిత్ర రాయబోయిన ఇయన్ హామిల్టన్‌ను కోర్టుకు లాగిన సంగతి నాకు ముందే తెలుసు. హామిల్టన్ వాడుకున్నవి యూనివర్సిటీ లైబ్రరీల్లో అందరూ చూసుకోగలిగే సాలింజర్ ఉత్తరాలే. అయినా 1987లో అమెరికా అప్పీలు కోర్టు వాడకూడదంది. అది వాళ్ల గొడవ, నాకెందుకులే అనుకున్నాను.

ఇప్పుడు మిగిలిన వారసులు ఇద్దరు. వేరే దేశంలో ఉన్న కొడుకు ఒక్క మెయిల్‌తో సరేనన్నాడు. కూతురిని ఒప్పించడమే కష్టమైంది. ఆవిడకు డెబ్భై దాటాయి. ఫోన్లన్నీ ఆవిడ భర్త, అంటే రచయిత అల్లుడే ఎత్తేవాడు, మామగారి కథ ఒక్కటి కూడా చదవలేదని తనే గర్వంగా చెప్పిన మనిషి. నాలుగుసార్లు రమ్మన్నాడు, మూడుసార్లు వరండాలో కూర్చోబెట్టి పంపించేశాడు. నాలుగోసారి వెళ్లేసరికి నా 300 పేజీల ప్రింటవుటు మీద ఎర్రపెన్ను గీతలు. అప్పులు అన్న మాట ఎక్కడుంటే అక్కడ కొట్టేశాడు.

అప్పుడు ఆవిడ లోపల్నుంచి వచ్చి ఎదురుగా కూర్చున్నారు. ఇంట్లోవాళ్లంతా ఉన్నారు, పనిమనిషి కూడా. "నాకు చూపు ఆనదు, ఆ ఉత్తరాలేవో మీరే చదివి వినిపించండి" అన్నారు. హుషారుగా మొదలుపెట్టాను. నేను బాగా చదువుతాను, ఆ మాట చాలామంది అన్నారు. మూడో ఉత్తరంలో సగానికి వచ్చాక గొంతు పట్టేసింది. ముందున్న వాక్యం ఈవిడ పుట్టినప్పటిది. మళ్లీ ఆడపిల్లేనని, ముఖం చూడబుద్ధి కాక రెండు రోజులు ఇంటికే వెళ్లలేదని స్నేహితుడికి రాసుకున్నాడాయన. ఆ వాక్యం దొరికిన రోజు నేను ఎగిరి గంతేశాను, "మనిషి దొరికాడు" అని నోట్సులో రాసుకుని మూడో అధ్యాయం దానితోనే మొదలుపెట్టాను. ఆ ఆడపిల్ల ఎదురుగా కూర్చుని ఉంటుందని ఒక్కరోజు కూడా తోచలేదు.

పేజీ తిప్పేయబోయాను. "ఆగారేం? చదవండి" అన్నారు. ఏదో గొణిగాను. "అచ్చు వెయ్యడానికి లేని మొహమాటం చదవడానికెందుకండీ?"

చదివాను. ఎంతసేపు పట్టిందో తెలీదు. ఎవరూ మాట్లాడలేదు. పనిమనిషి మాత్రం నావైపే చూస్తోంది, ఆ చూపు ఇప్పటికీ గుర్తొస్తే ఒళ్లు చచ్చిపోతుంది.

ఆవిడ తీర్పు ఇంకా అయోమయం. "అది ఉంచుకోండి, నా గురించేగా. అప్పుల ఉత్తరాలు మాత్రం వద్దు. నాన్న ఎవరి దగ్గరా చెయ్యి చాచలేదు." ఆ అప్పులు ఉన్నాయి కాబట్టే ఆయన అన్ని కథలు రాశాడు, నా పుస్తకమే ఆ మాట మీద నిలబడింది! వాదించబోతే అల్లుడు లేచి తలుపు తీశాడు.

ఇంగ్లిష్ నవలాకారుడు డికెన్స్ 1860లో పెరట్లో మంట పెట్టి తనకొచ్చిన ఉత్తరాలన్నీ తగలబెట్టాడని చదివినప్పుడల్లా తిట్టుకునేవాణ్ణి. ఇప్పుడు కొంచెం అర్థమైంది. కానీ ఆ అల్లుడికి సాహిత్యం మీద హక్కేమిటో మాత్రం ఎన్నటికీ అర్థం కాదు. వారసత్వం అంటే ఇల్లూ పొలమూ అయితే సరే, ఒకడి మాటలకు కూడా తాళం వేసుకు కూర్చుంటారా?

తర్వాత జరిగింది కూలిపనే. వద్దన్న 17 ఉత్తరాలను నా మాటల్లోకి మార్చాలి. వాక్యం కాస్త అటూ ఇటూ తిప్పితే చాలనుకోకండి, హామిల్టన్ చేసింది అదే, అదీ చెల్లలేదు, చివరికి 1988లో ఆ వెతుకులాటనే వేరే పుస్తకంగా వేసుకున్నాడు. ఉత్తరంలోని విషయం మనదే, దాన్ని చెప్పిన తీరు మనది కాదు. మా కథారచయిత "నెత్తి మీద కుంపటి" అని రాస్తే నేను "ఆ ఏడాది మూడు చోట్ల బాకీ పడ్డాడు" అని రాయాలి. ప్రాణం పోయింది పేజీలోంచి.

మీరు రాయబోతుంటే వారసులను మొదటి నెలలోనే కలవండి, ఆఖర్న కాదు. అనుమతి నోటిమాటగా వద్దు, ఏ ఉత్తరం, ఏ తేదీ, ఎన్ని ముద్రణలకో కాగితం మీద ఉండాలి. అల్లుళ్లతో ఫోన్లో మాట్లాడకండి.

నిన్న వచ్చిన కాగితంలో ఆవిడ సంతకం కింద చేత్తో రాసిన లైను ఒకటుంది, పుస్తకం వచ్చాక మూడో అధ్యాయం వచ్చి చదివి వినిపించాలట. ఎప్పుడు వెళ్లాలో ఫోన్ చేసి కనుక్కోవాలి. మళ్లీ ఆ అల్లుడే ఎత్తుతాడు.