క్రిస్టల్ గ్లాసు మోత

క్రిస్టల్ గ్లాసు అంచును వేలిగోటితో మీటినప్పుడు కంచుగంటలా కొన్ని క్షణాలపాటు సాగే ఆ మోత అంటే నాకు చెప్పలేనంత ఇష్టం. 1670లలో ఇంగ్లండులో జార్జ్ రేవెన్స్‌క్రాఫ్ట్ రూపొందించిన సీసపు గాజులో (లెడ్ క్రిస్టల్ అనేది దీన్నే) లెడ్ ఆక్సైడ్ అనే సీసపు సమ్మేళనం వల్ల బరువు, వక్రీభవన గుణకం (కాంతిని వంచే శక్తి) రెండూ పెరుగుతాయి. గాజు కాస్త మెత్తబడి, తిరిగే చక్రంపై లోతైన కోతలకు లొంగుతుంది, దీపం వెలుగులో రంగులు చిమ్మేది ఆ కోతలే. ఐరోపా నిబంధనల ప్రకారం లెడ్ క్రిస్టల్‌లో ఆ ఆక్సైడ్ కనీసం 24 శాతం ఉండాలి.

అయితే పానీయాన్ని నెలల తరబడి అందులో నిల్వ ఉంచితే సీసం దానిలోకి దిగుతుంది కనుక, రోజువారీ వాడకానికి (మా ఇంట్లో అది చాలావరకు నిమ్మరసమే) సీసం లేని రకాన్నే ఎంచుకుంటాను.