మచ్చలా, మెలికలా? సక్కర్ పొట్ట దగ్గరే ఆగిన రికార్డు

ఈసారీ చేప ఏ జాతిదో తేలలేదు. బందరు కాలువ నీళ్ళొచ్చే చెరువులో దొరికిన సక్కర్ చేపలకి (అక్వేరియంలలో అద్దానికి అతుక్కునే రకం) టెరిగోప్లిక్తిస్ అని ప్రజాతి (జీనస్) వరకే రాసి, జాతి పేరు ఖాళీగా వదిలేశాను. విసుగొస్తోంది.

ప్రజాతి మీద అనుమానం లేదు. వీపు రెక్కలో ముల్లు వెనక 12 కిరణాలు (రెక్కని నిలబెట్టే సన్నటి పుల్లలు) ఉన్నాయి, దీన్ని పోలిన హైపోస్టోమస్ ప్రజాతి అయితే 7 ఉండేవి. చిక్కంతా పొట్టతోనే. విడివిడి మచ్చలుంటే పార్డాలిస్ జాతి, మచ్చలు కలిసిపోయి మెలికల గీతలైతే డిస్‌జంక్టివస్ జాతి. చదవడానికి ఎంత తేలికో!

పెద్ద చేప మూతి నుంచి తోక రెక్క మొదలు దాకా 312 మి.మీ. గొంతు కింద 3–4 మి.మీ. గుండ్రటి మచ్చలు, ఒకదానికొకటి తగలవు. పొట్ట రెక్కల దగ్గరికొచ్చేసరికి రెండేసి మూడేసి అతుక్కుని మెలికలు తిరిగాయి. 185 మి.మీ. పిల్లకి దాదాపు అన్నీ విడి మచ్చలే. 240 మి.మీ. దానికి సగం సగం. వయసుతో మచ్చలు కలుస్తాయేమో అనుకుంటుండగా 290 మి.మీ.ది ఒకటి పూర్తి మచ్చలతో వచ్చి ఆ లెక్క చెడగొట్టింది.

ఇక మిగిలింది సంకరం. ఈ రెండూ కలిసినట్టు కనిపించే మధ్యరకం పొట్టలు తైవాన్‌లో, ఫ్లోరిడాలో కూడా ఉన్నాయి. మైటోకాండ్రియా డీఎన్‌ఏతో జాతిని గుర్తుపట్టే బార్‌కోడ్ పరీక్ష ఈ రెంటినీ నమ్మకంగా విడదీయదు కాబట్టి, కండ ముక్క ల్యాబ్‌కి పంపినా డబ్బు దండగే. అందుకే పొట్ట ఫొటో ఒక్కటి చూసి జాతి పేరు పెట్టేసిన రికార్డుల్ని నేను నమ్మను.

చెడిపోకుండా ఫార్మాలిన్‌లో పెట్టిన చేప మచ్చల అంచులు మసకబారాయి. ఇక పచ్చి చేప మీదే చూడాలి. జిగురు తుడిచి, నీడలో, ఫోను ముందు మెరుపు తగ్గించే పోలరైజర్ ముక్క పెట్టి ఫొటో తీస్తే చాలు. ఖరీదైన కెమెరా కన్నా మి.మీ. కొలిచే మంచి కాలిపర్ (మిటుటోయో లాంటిది) మీద పెట్టే డబ్బే సార్థకం.

చేపలకేం కొదవ లేదు. వలలు చింపే దెయ్యం చేప అని జాలర్లు గట్టు మీద పారేస్తారు. జీర్ణాశయంతో గాలి పీల్చే చేప కదా, గంటల తర్వాత కూడా తోక కొడుతూనే ఉంటుంది. జాలిపడి నీళ్ళలోకి మాత్రం తొయ్యకండి.

అదే వలలో పడిన ఇంగిలాయి రికార్డు అయిదు నిమిషాల్లో అయిపోయింది, దాని ముల్లు పోటు తగలకుండా.

వేసవిలో కాలువ కట్టేశాక సక్కర్లు గుడ్లు పెట్టే గట్ల బొరియలు చూడాలి. ఒకే బొరియలో దొరికిన పిల్లల్ని మూత ఉన్న తొట్టిలో పెంచితే, తోబుట్టువుల్లోనే రెండు రకాల పొట్టలూ వస్తాయా లేదా తెలుస్తుంది. ఈలోపు జెల్లల పని ఉంది. బ్రిటిష్ సైనికాధికారి సైక్స్ 1839లో దక్కను చేపల్లో వర్ణించిన మిస్టస్ సీంగ్టీ అనే జెల్లని చాలాకాలం మిస్టస్ కవాసియస్ అనే మరో జాతిలోనే కలిపేశారు, 2005లో మళ్ళీ వేరు చేశారు. మన కృష్ణ జెల్లల పాత జాబితాల్లో కవాసియస్ అని ఉన్నవన్నీ మళ్ళీ కొలవాలి.