మా ఇంట్లో బిగ్స్ ఎవరు?

"బట్ నాన్నా, బిగ్స్ ఈజ్ లైక్ అమ్మ" అన్నాడు మావాడు. చేతిలో బిగ్స్ కార్డు పట్టుకుని, ఏ భావమూ లేకుండా. వాడికి 11 ఏళ్లు.

మేం ఆడేది ఎక్స్-వింగ్ మినియేచర్స్ గేమ్, స్టార్ వార్స్ సినిమాల బొమ్మ షిప్పులతో టేబుల్ మీద ఆడే యుద్ధం ఆట. 2012లో వచ్చిన మొదటి ఎడిషన్. 2018లో రెండోది వచ్చింది, 2024లో కంపెనీ ఇక కొత్తవి తేమని చెప్పేసింది కూడా. మేం మాత్రం పాత కార్డులనే పట్టుకుని వేలాడుతున్నాం. ఒక్కొక్కరికి 100 పాయింట్లు. షిప్పులూ పైలట్లూ అప్‌గ్రేడ్ కార్డులూ అన్నీ ఆ వందలోనే సర్దుకోవాలి.

మావాడి మోజంతా పెద్ద పేర్ల మీదే. హాన్ సోలో 46, వెడ్జ్ 29. మిగిలిన 25తో ఆ ఇద్దరికే నగలు దిగేసినట్టు అప్‌గ్రేడ్లు తగిలిస్తానంటాడు. నేను వద్దంటాను. ఉన్నవి రెండే అయితే ఒకటి పోగానే సగం సైన్యం పోయినట్టే. కొట్టేవాళ్లుంటే చాలదు, దెబ్బలు కాసేవాడూ కావాలి. ఆ 25కి బిగ్స్ సరిగ్గా సరిపోతాడు. మనవాళ్లు బిగ్స్‌కి రేంజ్ 1లో, అంటే బాగా దగ్గర్లో, ఉన్నంతసేపు, బిగ్స్‌ని కొట్టే వీలున్న శత్రువు వాళ్ల జోలికి పోకూడదు. బిగ్స్‌నే కొట్టాలి. షీల్డులు 2, హల్ (షిప్పు ఒళ్లు) 3. మొత్తం ఐదు దెబ్బలకి అయిపోతాడు. ఈలోగా హాన్, వెడ్జ్ తమ పని కానిచ్చుకుంటారు.

ఇంత పాఠం చెప్పి నేను వేసుకున్న స్క్వాడ్ ఏంటయ్యా అంటే, టై ఫైటర్లనే చిన్న షిప్పులు ఎనిమిది. 12 చొప్పున 96. అన్నీ ఒకే రకం, ఒక్కదానికీ షీల్డు లేదు. "నీ దాంట్లో బ్యాలెన్స్ ఏది?" అన్నాడోసారి. "నేను పెద్దవాణ్ణి" అన్నాను. (ఎనిమిది కొన్న సంగతి వాళ్లమ్మకి తెలీదు. డబ్బాలో వచ్చిన రెండే అనుకుంటోంది.)

సరే, వాడు బిగ్స్‌తో పోల్చిన వాళ్లమ్మ దగ్గరికొద్దాం. ఆదివారం పొద్దున్నే మా అమ్మ వీడియో కాల్ చేస్తుంది. మావాడు "బాగున్నా నానమ్మా" అని, ఇంకో మాట దొరక్క పారిపోతాడు. అప్పుడు మొదలవుతుంది. "ఏమ్మా, వాడితో ఇంట్లో తెలుగు మాట్లాడట్లేదా?" "ఆ జుట్టేంటమ్మా, అలా వదిలేశారు?" ప్రతి ప్రశ్నా మా ఆవిడకే. నేను పక్కనే, కెమెరాలో పడకుండా, సరిగ్గా రేంజ్ 1లో డైస్ ఏరుకుంటూ ఉంటాను.

నిజానికి వాడితో ఇంట్లో ఇంగ్లిష్ మాట్లాడేది నేను. ఆట రూల్స్ కూడా, తొందరగా ఎక్కుతాయని, ఇంగ్లిష్‌లోనే చెప్పాను. మధ్యలో ఓసారి గిల్టీగా అనిపించి పాయింట్లన్నా తెలుగులో కూడమన్నాను. "నలభై ఆరు, ఇరవై తొమ్మిది" దాకా వచ్చి, ఆ రెండూ కలిపితే ఎంతో తెలిసీ తెలుగు మాట కోసం తడుముకుంటున్నాడు. నాకే ఓపిక పోయి "సెవెంటీ ఫైవ్" అనేశాను. తెలుగు క్లాసుకి తీసుకెళ్లేది ఆమె, హోంవర్కు చేయించేది ఆమె, మాటలు పడేదీ ఆమే.

పిల్లల్ని రెండు చోట్లకీ చెందేలా పెంచడం గురించి నాలుగు ముక్కలు రాద్దామనే కూర్చున్నాను. ఇంట్లో తెలుగే మాట్లాడండి, వారానికోసారి నానమ్మ తాతయ్యలతో మాట్లాడించండి, ఇలాంటివి. రాయడానికి చెయ్యి రావట్లేదు. ఆ ఫోన్ల వల్ల వాడికి తెలుగు ఎంత వచ్చిందో గానీ, దెబ్బ తగలకుండా ఎవరి వెనక నిలబడాలో మాత్రం నన్ను చూసి బాగా నేర్చుకున్నట్టున్నాడు.

పోయిన ఆదివారం వాడు బిగ్స్ డయల్ (షిప్పు ఎటు కదలాలో ఎంచుకునే చక్రం) తిప్పి బోర్లా పెట్టాడు. తెరిస్తే నేరుగా 4. ఆ ఇద్దర్నీ వదిలేసి బిగ్స్ దూరంగా వెళ్లిపోతున్నాడు.

"అలా పోతే ఆ కార్డు పని చెయ్యదురా."

"ఐ నో."

నా ఎనిమిదీ వెడ్జ్ మీద పడ్డాయి. అప్పుడే ఫోను మోగింది. ఈసారి నేనే ఎత్తాను. "ఏరా, టిఫిన్ తిన్నావా? చిక్కిపోయావే" అంది అమ్మ. వాడి తెలుగు సంగతి నేనే తెచ్చాను. తప్పు నాదేనమ్మా, నేనే ఇంగ్లిష్‌లో మాట్లాడుతున్నా అన్నాను.

"నీకెక్కడ తీరుతుందిరా, ఆఫీసు పనితో. ఏదీ, ఓసారి అమ్మాయికివ్వు."

అమ్మాయికీ ఆఫీసుందని అందామనుకున్నాను. ఫోను ఇచ్చాను.