మరుగుదొడ్డి తీసేస్తే బయటపడ్డ గది

"అక్కడేముంది మావయ్యా, పాత ఇల్లే కదా" అన్నాడు అమెరికాలో, వర్జీనియాలోని యాష్‌బర్న్‌లో ఉండే మా మేనల్లుడు, నేను మాంటిసెల్లో పేరెత్తగానే. వాడి లిస్టులో నయాగరా ఉంది, న్యూయార్క్ ఉంది, వైట్‌హౌస్ గేటు ముందు ఫొటో ఉంది. నేను డిగ్రీ కాలేజీలో పొలిటికల్ సైన్స్ చెప్పి రిటైరైనవాణ్ణి. అమెరికా స్వాతంత్ర్య ప్రకటనలో మనుషులంతా సమానులే అన్న జెఫర్సన్ మాటను ఏటా బోర్డు మీద రాసినవాణ్ణి. ఆ మాట రాసినాయన ఇల్లు రెండు, రెండున్నర గంటల దూరంలో పెట్టుకుని వెళ్ళకుండా ఎలా ఉంటాను? చివరికి మా కోడలు పులిహోర కట్టి ఇద్దరినీ కారెక్కించింది.

వారెంటన్, కల్పెపర్ దాటి షార్లెట్స్‌విల్ చేరాం. టికెట్లు కొండ కింద ఇస్తారు, అక్కడి నుంచి షటిల్ బస్సు. ఐదు సెంట్ల నాణెం వెనక ఉండే ఇల్లు ఇదేనని మా వాడికి అప్పుడే తెలిసింది. జేబులోంచి ఒకటి తీసి గుమ్మటంతో పోల్చి చూసుకున్నాడు.

ఇంటి లోపలి టూరు గురించి ఎక్కువ రాయను, ఎవరి వీడియోలో చూసినా కనిపిస్తుంది. ముందు హాల్లో పెద్ద గడియారం ఉంది. దాని బరువులు దిగేకొద్దీ గోడ మీద రాసిన వారాలు తెలుస్తాయి. హాలు ఎత్తు చాలక నేలకు కన్నం పెట్టించాడట, శనివారం సెల్లారులోకి పోయింది. ఉత్తరం రాస్తుంటే పక్కనే రెండో కలంతో నకలు తయారుచేసే యంత్రం కూడా చూశాం. జీవితమంతా దాదాపు 19 వేల ఉత్తరాలు రాసిన మనిషి, నకళ్ళు దాచుకోవడంలో అంత జాగ్రత్త. ఈ జాగ్రత్తే తర్వాత ఆయన మీద సాక్ష్యమైంది.

నేను వచ్చింది ఇంటి కోసం కాదు, ఇంటి పక్కన మల్బరీ రో అనే దారి కోసం. జెఫర్సన్ తన జీవితకాలంలో 600 మందికి పైగా మనుషులను బానిసలుగా ఉంచుకున్నాడు. వాళ్ళ గుడిసెలు, కమ్మరి కొలిమి, వడ్రంగి పని అన్నీ ఈ దారి పొడుగునా ఉండేవి. 1794లో ఇక్కడ మేకుల కార్ఖానా పెట్టాడు. పదేళ్ళ నుంచి పదహారేళ్ళ లోపు కుర్రాళ్ళు రోజుకు ఎనిమిది నుంచి పది వేల మేకులు కొట్టేవారు. ఎవరికి ఎంత బట్ట, ఎన్ని దుప్పట్లు ఇచ్చాడో తన పొలం లెక్కల పుస్తకంలో స్వయంగా రాసుకున్నాడు.

గైడు ఒక నడివయసు ఆవిడ. కథ చెప్పినంతసేపూ "ఇది మనకు ఎలా తెలుసంటే" అని ఒక మాట కలుపుతూనే ఉంది. ఇది లెక్కల పుస్తకం నుంచి, ఇది తవ్వకాల నుంచి, ఇది ఇక్కడే పనిచేసి 1847లో తన జ్ఞాపకాలు చెప్పిన ఐజాక్ గ్రేంజర్ నుంచి, అని. ఒకప్పుడు చాలాకాలం ఇక్కడికి వచ్చినవాళ్ళు వినేది జెఫర్సన్ మేధస్సు గురించి, తోటల గురించి. పనిచేసినవాళ్ళను "సర్వెంట్స్" అనేసి ముందుకు సాగిపోయేవారు.

ఇంటి దక్షిణపు వైపు, నేల మట్టానికి కొంచెం దిగువన వరసగా గదులున్నాయి. అందులో ఒకటి జెఫర్సన్ ఇంట్లో బానిసగా బతికిన శాలీ హెమింగ్స్‌ది అయ్యుండవచ్చని చరిత్రకారులు అనుకుంటున్నారు, జెఫర్సన్ మనవడొకరు చెప్పిన గుర్తును బట్టి. సందర్శకులు పెరిగారని 1941లో అక్కడ మరుగుదొడ్లు కట్టారు. ఈ మధ్యనే వాటిని తీసేసి తవ్వితే పాత ఇటుకల పొయ్యి, జెఫర్సన్ కాలం నాటి నేల బయటపడ్డాయి. 2018లో ఆమె కథతో ప్రదర్శన తెరిచారు. ఆమె చిత్రం ఎక్కడా లేదు. అందుకే గోడ మీద నీడ మాత్రమే ఆడుతుంటుంది, వినిపించే మాటలు ఆమె కొడుకు మాడిసన్‌వి.

ఆ మాటలు 1873లోనే ఒహాయోలో ఒక పత్రికలో అచ్చయ్యాయి. మా అమ్మ జెఫర్సన్ కూతురి వెంట, అప్పుడాయన ఉంటున్న పారిస్ వెళ్ళింది, ఫ్రాన్సులో స్వేచ్ఛ దొరికేది కాబట్టి తిరిగి రానంది, పుట్టబోయే పిల్లలకు 21 ఏళ్ళకు విముక్తి ఇస్తానని జెఫర్సన్ మాటిస్తేనే వచ్చింది. మా నాన్న ఆయనే. ఇదీ మాడిసన్ చెప్పింది. పారిస్ వెళ్ళేనాటికి శాలీకి పధ్నాలుగేళ్ళు. శాలీ మరెవరో కాదు, జెఫర్సన్ భార్యకు చెల్లెలు, తండ్రి ఒకడే, తల్లులు వేరు.

వందేళ్ళకు పైగా పెద్ద చరిత్రకారులు దీన్ని లెక్కలోకి తీసుకోలేదు. జెఫర్సన్ జీవితాన్ని ఆరు సంపుటాలుగా రాసిన డ్యూమా మలోన్ కూడా నమ్మలేదు. తెల్ల మనవలేమో తండ్రి జెఫర్సన్ కాదు, ఆయన మేనల్లుళ్ళలో ఒకడని చెప్పారు. ఆ మాటను మాత్రం చాలామంది మారు ప్రశ్న లేకుండా ఒప్పుకున్నారు. 1997లో అనెట్ గోర్డన్-రీడ్ అనే లా ప్రొఫెసర్ ఇక్కడే పట్టుకుంది. రెండూ ఇంట్లో చెప్పుకున్న మాటలే అయినప్పుడు ఒకదానికి రుజువు అడిగి రెండోదానికి అడగకపోవడమేమిటని, కోర్టులో సాక్షులను తూచినట్టు రెండింటినీ పక్కపక్కన పెట్టి తూచింది. నాకు ఈ చరిత్ర మొత్తంలో అన్నిటికన్నా పెద్ద మలుపు ఇదే అనిపిస్తుంది. జనం మాత్రం డీఎన్ఏ వచ్చి తేల్చేసిందనుకుంటారు.

డీఎన్ఏ 1998లో వచ్చింది. జెఫర్సన్ పెదనాన్న వంశంలోని మగవాళ్ళకూ, శాలీ చిన్నకొడుకు ఎస్టన్ వంశస్థుడికీ కుదిరింది. మేనల్లుళ్ళ వంశానికి కుదరలేదు. ఇంకో సంగతి కూడా ఉంది. జెఫర్సన్‌కూ శాలీకీ పుట్టిన పెద్దకొడుకు మా పూర్వీకుడేనని తరతరాలుగా చెప్పుకుంటున్న వుడ్సన్ కుటుంబానికీ కుదరలేదు. ఇంట్లో చెప్పుకున్న మాటకు విలువివ్వాలి, పరీక్ష కూడా పెట్టాలి. మాంటిసెల్లోను నడిపే ఫౌండేషన్ 2000లో తండ్రి జెఫర్సనే అన్న వైపు మొగ్గుతూ తన నివేదిక ఇచ్చింది, 2018 నాటికి ఇక ఇది చర్చనీయాంశం కాదంది. ఒప్పుకోని పండితుల బృందం 2001లో వేరే నివేదిక వేసింది. మా గుంపులోనే ఒక పెద్దాయన "జెఫర్సన్ తమ్ముడు కూడా అయ్యుండొచ్చు కదా" అని గైడును నిలదీశాడు. ఆవిడ విసుక్కోలేదు. ఆ వాదన ఉందని ఒప్పుకుని, ప్రతి బిడ్డ పుట్టడానికి తొమ్మిది నెలల ముందు జెఫర్సన్ ఈ ఇంట్లోనే ఉన్న తేదీలు చెప్పింది. ఆయన తల ఊపలేదు, మళ్ళీ అడగనూ లేదు.

1993లో లూసియా స్టాంటన్, డయాన్ స్వాన్-రైట్ అనే ఇద్దరు చరిత్రకారులు ఇక్కడి బానిసల వారసులను వెతుక్కుంటూ బయల్దేరారు. అప్పటి నుంచి వందమందికి పైగా చెప్పినవి రికార్డయ్యాయి. మన దగ్గర 1980లలో స్త్రీశక్తి సంఘటన అనే మహిళల బృందం తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న ఆడవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి మాటలు సేకరించింది కదా, అది గుర్తొచ్చింది. పీటర్ ఫాసెట్ సంగతి మల్బరీ రో మీదే విన్నాను. జెఫర్సన్ అప్పులు మిగిల్చి 1826లో చనిపోతే, 1827 జనవరిలో 130 మందిని వేలానికి పెట్టారు. పీటర్‌కు అప్పుడు 11 ఏళ్ళు. వాళ్ళ నాన్న జోసెఫ్‌కు జెఫర్సన్ వీలునామాలో విముక్తి రాశాడు, పెళ్ళాంబిడ్డలకు రాయలేదు. కొలిమి పని తెలిసిన జోసెఫ్ తర్వాత వాళ్ళలో కొందరిని విడిపించుకోగలిగాడు. పీటర్ పెద్దయ్యాక సిన్సినాటిలో పాస్టరై, ముసలితనంలో ఈ కొండ చూడటానికి వచ్చాడు. ఈసారి అతిథిగా.

దిగేటప్పుడు బస్సెక్కకుండా నడిచాం. దారిలో జెఫర్సన్ సమాధి. తన మీద ఏం రాయాలో ఆయనే చెప్పిపోయాడు: స్వాతంత్ర్య ప్రకటన, వర్జీనియా మతస్వేచ్ఛ చట్టం, విశ్వవిద్యాలయం. అమెరికా అధ్యక్షుడిగా చేశానన్న మాటే లేదు. కింద పార్కింగ్ పక్కన చెట్ల మధ్య ఇంకో శ్మశానం ఉంది, నలభైకి పైగా సమాధులు. ఎవరివో ఒక్క పేరూ లేదు.

ఊళ్ళో యూనివర్సిటీ దగ్గర 2020లో పూర్తయిన గ్రానైట్ వలయం చూడటానికి మాకు అరగంటే దొరికింది. ఆ క్యాంపస్‌లో పనిచేసిన దాదాపు 4,000 మంది బానిసలకు తలా ఒక గాటు, తెలిసినంత మేరకు పేర్లు. చాలా గాట్ల పైన పేరు లేదు.

తిరుగు దారిలో పులిహోర తింటూ, జెఫర్సన్, వాషింగ్టన్, ఆడమ్స్, ఫ్రాంక్లిన్ లాంటివాళ్ళ ఉత్తరాలు వేలకొద్దీ 2013 నుంచి ఫౌండర్స్ ఆన్‌లైన్ అనే వెబ్‌సైటులో ఉచితంగా చదవొచ్చని చెప్పాను. ఒకప్పుడు అవి పెద్ద లైబ్రరీలు కొనుక్కునే బరువైన సంపుటాలు. కల్పెపర్ దగ్గర పెట్రోలుకు ఆగినప్పుడు మా వాడు ఫోనులో 1787 జూన్‌లో లండన్ నుంచి జాన్ ఆడమ్స్ భార్య ఎబిగెయిల్ జెఫర్సన్‌కు రాసిన ఉత్తరం పట్టుకున్నాడు. మీ అమ్మాయి క్షేమంగా చేరింది, వస్తుందనుకున్న ముసలి ఆయాకు ఒంట్లో బాగాలేక పదిహేను, పదహారేళ్ళ పిల్ల తోడు వచ్చింది, మీ దగ్గరున్న నౌకరు చెల్లెలట, అని ఉంది.

"పేరు రాయలేదేం మావయ్యా? వయసు కూడా తప్పే" అన్నాడు. తర్వాతి రోజు ఉత్తరం కూడా తెరువు, అందులో ఉందేమో చూడమన్నాను. పెట్రోలు పట్టడం అయిపోయినా వాడు ఫోను దించలేదు, వెనక కారువాడు హారన్ కొట్టేదాకా.